గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడు కొనాలా, ఆగాలా?

ప్రశ్న: మాది కళింగపట్నం. పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. గ్రాఫిక్స్ కార్డు కోసం విశాఖ వెళ్తే సరుకు లేదన్నారు, ఉన్నచోట ధర మండిపోతోంది. సెకండ్‌హ్యాండ్‌ది తీసుకోవచ్చా, సార్?

జవాబు: 2021లోనూ ఇంతే. 329 డాలర్ల ధరతో విడుదలైన ఆర్‌టీఎక్స్ 3060 ఆ ధరకు దొరకడమే గగనమైంది. చిప్పుల కొరతకు, గ్రాఫిక్స్ కార్డులతో చేసే ఈథీరియం క్రిప్టోకరెన్సీ మైనింగ్ తోడైంది మరి. 2022 సెప్టెంబరులో ఈథీరియం ఆ పద్ధతి మానేశాక, మైనింగ్‌లో రాత్రింబవళ్లు నలిగిన కార్డులు మార్కెట్లోకి వచ్చిపడ్డాయి. ఇప్పటి కొరత మెమరీ చిప్పులది. ఏఐ డేటా సెంటర్లు వాటిని ఊడ్చుకుపోతున్నాయి. నెలా రెండు నెలల్లో ధర దిగుతుందని ఆశపడకండి.

అసలు మీకు కార్డు అవసరమా? మీది ఇంటెల్ ప్రాసెసరైతే, పేరు చివర ‘ఎఫ్’ లేకపోతే, అందులో వీడియో పనిని వేగంగా చేసే క్విక్ సింక్ ఉంటుంది. ఫుల్ హెచ్‌డీ పెళ్లి వీడియోకు చాలావరకు అదే చాలు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో ఆన్ చేసి చూడండి.

తప్పదంటే సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనూ ధర వాకబు చేయండి. 18 శాతం జీఎస్‌టీ కలిపి చెప్పమనండి. సెకండ్‌హ్యాండ్‌దైతే సీరియల్ నంబరున్న బిల్లు, మిగిలిన వారంటీ అడగండి. అరగంట లోడు మీద నడిపించి చూశాకే డబ్బివ్వండి. సముద్రపు ఉప్పుగాలికి పోర్టులు తుప్పుపట్టాయేమో కూడా చూడండి. బిల్లు లేని కార్డు ఎంత చవకైనా వద్దు.