బృందగానం

సికింద్రాబాదుకు చేరువలోని తార్నాక ఒక విలక్షణమైన వాడ. ఒకవైపు రైల్వే ఉద్యోగుల నివాసాలు, మరొకవైపు జాతీయ పోషకాహార సంస్థ, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ వంటి పరిశోధనాలయాలు, వాటిని ఆనుకొని 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం. ఉద్యోగరీత్యా పలు రాష్ట్రాల నుండి వచ్చిన కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. అందుచేత ఈ ప్రాంతపు క్రైస్తవ పాఠశాలల్లో తెలుగు, ఉర్దూ, తమిళం, మలయాళం మాట్లాడే పిల్లలు ఒకే బల్లపై కూర్చోవడం వింత కాదు. వారిలో అన్ని మతాలవారూ ఉంటారు.

ఇంతటి వైవిధ్యాన్ని ఒక సమాజంగా కూర్చే పని తరగతి గది కొంతవరకే చేయగలదు. అక్కడ మార్కులు, ర్యాంకులు విద్యార్థులను వేరుపరుస్తాయి. సంగీత, నాటకాభ్యాసాల్లో ఆ వరుసలు తారుమారవుతాయి.

బృందగానాన్నే పరిశీలించండి. పాశ్చాత్య పద్ధతిలో గాయకులు సొప్రానో, ఆల్టో, టెనర్, బేస్ అనే నాలుగు వర్గాలుగా నిలుస్తారు. ఒక్కొక్క వర్గానిది ఒక్కొక్క స్వరమార్గం. ఎంతటి శ్రావ్యమైన కంఠమైనా పక్కవాని గొంతును మింగివేస్తే పాట చెడుతుంది. కనుక గాయకుడు పాడటానికి ముందే వినటం నేర్వాలి. గణితంలో వెనుకబడిన బాలుడు బేస్ వర్గానికి ఆధారమైతే, ప్రథమశ్రేణి విద్యార్థి అతని శ్రుతికి తన గొంతు కలుపుకోక తప్పదు. నాటకంలోనూ అంతే. తెర లాగేవాడు ఆలస్యం చేస్తే నాయకుని నటన వ్యర్థం.

తెలుగు క్రైస్తవులకు ఈ కళాసంప్రదాయం కొత్తది కాదు. పురుషోత్తమ చౌదరి (1803-1890) కర్ణాటక రాగాల్లో భక్తికీర్తనలు రచించారు. తమిళుడైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912లో డోర్నకల్ బిషప్పుగా అభిషిక్తులై, తెలుగు నేర్చి, దేశీయమైన పాటను, నాటకాన్ని ఆదరించారు. 1939లో ప్రతిష్ఠితమైన డోర్నకల్ కథీడ్రల్‌లో మండపస్తంభాలు, గుమ్మటాలు కలిసి కనిపిస్తాయి. అదే సంవత్సరం ప్రారంభమైన ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల భవనమూ భిన్న వాస్తురీతుల సమ్మేళనమే కావడం చక్కని యాదృచ్ఛికం.

అయితే ఒక సున్నితమైన ప్రశ్న ఉంది. క్రిస్మస్ గీతం పాడే బృందంలో ఇతర మతస్థుల బిడ్డ నిలిస్తే అది కళాభ్యాసమా, ఆరాధనా? ప్రభుత్వ గుర్తింపు లేదా సహాయం పొందిన విద్యాసంస్థల్లో సమ్మతి లేనిదే ఎవరినీ మతబోధలో, ఆరాధనలో పాల్గొనజేయరాదని రాజ్యాంగం 28వ అధికరణం మూడవ ఖండం నిర్దేశిస్తుంది. మైనరు విషయంలో సంరక్షకుని సమ్మతి కావాలి. పాడటానికి సమ్మతించని విద్యార్థికి రంగాలంకరణలోనో, దీపాల ఏర్పాటులోనో గౌరవప్రదమైన స్థానం లభించినప్పుడే అది అందరి వేదిక అవుతుంది.

పాత్రల ఎంపికలో మరొక చిక్కు కలదు. ఇంగ్లీషు ధారాళంగా పలికేవారికి, మేనిఛాయ గలవారికి ఏటేటా మరియమ్మ, యోసేపు పాత్రలు దక్కుతాయి. తక్కినవారు గొర్రెలుగానో, గొల్లలుగానో బాల్యమంతా గడుపుతారు. (గొర్రె వేషానికి సంభాషణలు కూడా ఉండవు!) ఇట్టి ఎంపిక తరగతి గదిలోని వరుసలనే వేదికపైకి తెస్తుంది. చీట్లు వేసి పాత్రలు పంచితే ప్రదర్శనలో నైపుణ్యం కొంత తగ్గవచ్చు. ఆ మాత్రం నష్టాన్ని పాఠశాల భరించవచ్చు. ప్రేక్షకులుగా వచ్చిన తల్లిదండ్రుల్లో అధికులు గొర్రెల తల్లిదండ్రులే గదా!