వేడందాంగల్ చెరువు: ఒకనాటి పాఠము

మా పాఠశాల చెన్నపట్టణపు నడుమ నున్నది. మూడు వైపుల మేడలు, నాలుగవ వైపున బస్సులు పోవు వీథి. ఇచ్చటి పిల్లలకు కాకి, పావురము తప్ప వేరొక పక్షి కంటబడుట అరుదు. వాచకములో కొంగ మాట వచ్చినపుడు నల్లబల్లపై బొమ్మ గీసి చూపుచుంటిమి. అది కొంగవలె నున్నదో లేదో చెప్పగలవా రెవ్వరును లేరు గనుక మాకును నిశ్చింతగనే యుండెను.

2024 జనవరిలో ఒక శనివారమున 8, 9 తరగతుల విద్యార్థులను వెంటబెట్టుకొని వేడందాంగల్ పోయితిమి. అది చెన్నపట్టణమునకు నైరుతి దిక్కున సుమారు 80 కిలోమీటర్ల దూరమున, చెంగల్పట్టు జిల్లాలో నున్న పల్లె. తెల్లవారక మునుపే బయలుదేరి, తాంబరము, చెంగల్పట్టు దాటి, పాలారు వంతెన మీదుగా సాగితిమి. ఆ పాలారు కర్ణాటకములో పుట్టి, కుప్పము ప్రాంతమున తెలుగునేలను తాకి యిచ్చటికి వచ్చుచున్నదని చెప్పగా, నిద్రమత్తులో నున్నవారు సయితము లేచి కిటికీలకు చేరిరి.

చెరువు పెద్దది కాదు. సుమారు 30 హెక్టార్లు, అనగా 74 ఎకరములు మాత్రమే. వేసవిలో ఎండిపోవును. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కురియు ఈశాన్య ఋతుపవనపు వానలకు నిండును. చెరువు గర్భములో తమిళులు నీర్‌కడంబు అని పిలుచు చెట్లు గుంపులుగా నున్నవి. చెరువు నిండినపుడు అవి మొదళ్లు మునిగి నీటిలో నిలుచును. చుట్టును నీరుండుటచే పిల్లి, నక్క మొదలగునవి గూళ్ల దరికి రాజాలవు. అందుచేత గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నీటికాకులు వేలకొలదిగ వచ్చి, ఆ కొమ్మలపై గూళ్లు కట్టి పిల్లలను పెంచును. మేము చూచునప్పటికి చెట్ల ఆకులు రెట్టలతో తెల్లబడి, సున్నము కొట్టినట్లుండెను.

గాలి మావైపు మరలగానే ఒక బాలుడు ముక్కు మూసికొని, ఈ కంపును ఊరివారెట్లు భరించుచున్నారని బిగ్గరగా నడిగెను. కట్టపై పోవుచున్న ఒక రైతు ఆ మాట విని నవ్వెను. వానిని కోపగింపక, మమ్ముల నందరిని తూము కడకు తీసికొనిపోయి దిగువనున్న వరిచేలను చూపెను. అచ్చట జరిగిన పాఠము నేను చెప్పినది కాదు, ఆయన చెప్పినది. రెట్ట నీటిలో పడును. ఆ నీరు తూము గుండ చేలకు పారును. అదియే పైరునకు ఎరువు. నేను కలిపినది ఒక్క మాట మాత్రమే: ఆ రెట్టలో నత్రజని, భాస్వరము సమృద్ధిగా నుండుననునది.

పిదప విద్యార్థులు మరియొక సంగతి తామే కనిపెట్టిరి. పక్షులు తిండికై ఈ చెరువునే నమ్ముకొని యుండలేదు. గుంపులు గుంపులుగా లేచి దూరపు చెరువులకు, పొలములకు పోయి, సాయంకాలమునకు మరలుచున్నవి. పలు గ్రామముల నీటిలోని సారము ఈ విధముగ ఈ యొక్క చెరువునకు చేరుచున్నదన్నమాట!

వేడన్ అనగా తమిళమున వేటగాడు; తాంగల్ అనగా చిన్న చెరువు. వేటగాని పేర వెలసిన ఊరే పక్షులకు కాపు కాయుట వింత. 18వ శతాబ్దపు తుదిదినములలో దొరల సిపాయీలు ఇచ్చట పక్షులను కాల్చుచుండగా, గ్రామస్థులు చెంగల్పట్టు కలెక్టరు లయొనెల్ ప్లేసుతో మొరపెట్టుకొనిరి. ఆయన 1798లో ఆ పక్షులను కాపాడుకొను హక్కు గ్రామమునకు కలదని కౌలు వ్రాసి యిచ్చెను. భూమికి కౌలు మన మెరుగుదుము. పక్షులకు కౌలు వినుట నాకు అదియే మొదలు. 2022లో ఈ చెరువునకు అంతర్జాతీయ ప్రాముఖ్యము గల రామ్‌సార్ చిత్తడినేలల జాబితాలో చోటు లభించినది.

ఇక నా అవమానము. ముక్కు పూర్తిగా మూతపడక, నడుమ సందుగల ఒక కొంగను చూపి ఒక బాలిక, "మాస్టారూ, దీనిని తెలుగులో ఏమందురు?" అని యడిగినది. "కొంగ" యంటిని. "అవన్నియు కొంగలే గదా, దీని పేరేమి?" అన్నది. నాయొద్ద సమాధానము లేదు. కావలివాడు తమిళమున "నత్తైకుత్తి నారై" యనెను. "నత్తై యనగా మన నత్తయే గదా!" అని ఆ బాలికయే యనెను. ఇంటికి వచ్చి వెదకగా మనవారు దానిని నత్తగుల్ల కొంగ యందురని తెలిసినది. అది నత్తగుల్లను పగులగొట్టి తినునని పూర్వము తలచెడివారు. కాని, పై ముక్కుతో గుల్లను అదిమిపట్టి, క్రింది ముక్కు మొనను లోనికి జొనిపి మాంసమును ఊడదీయునని పరిశీలకులు తెలిసికొనిరి. పిల్లకొంగల ముక్కులో ఈ సందుండదు, పెరిగినకొలది ఏర్పడును. ముప్పది యేండ్లుగా తెలుగు బోధించుచున్న నాకు ఈ పేరు ఒక ఎనిమిదవ తరగతి పిల్ల అడిగినగాని తెలియకపోయెను.

సోమవారమున వ్యాసములు వ్రాయించితిని. దాదాపు అందరును "మూగజీవులపై మనము దయ చూపవలయును" అని ముగించిరి. అది గైడు పుస్తకముల వాక్యము. దయ మంచిదే, కాదనను. అయినను ఆ రైతు దయ మాట యెత్తలేదే; తూమును, చేనును చూపెను. వ్యాసములన్నిటిని తిరిగి యిచ్చి, చూచినది మాత్రమే వ్రాయుడని చెప్పితిని. కొందరు సణుగుకొనిరి. ముక్కు మూసికొన్న బాలుడు మాత్రము మరునాడే తెచ్చి యిచ్చెను. అందులో దయ లేదు. చెట్టు, రెట్ట, నీరు, తూము, వరి అను వరుస యున్నది. దానిని ఈ సంచికలోనే వేరుచోట అచ్చు వేయించితిమి. తూము బొమ్మయు వాడు గీసినదే.