ఒక ఒరలో రెండు కత్తులు

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. కత్తుల సంగతి నాకు తెలీదు గానీ, ఒక సీపీయూకి రెండు మానిటర్లు మాత్రం హాయిగా సరిపోతాయి. ఇప్పుడింత ధీమాగా రాస్తున్నాను కదా, మొన్న సెలవుల్లో ఇదే పని చేయబోయి నాన్న కొన్న మానిటర్‌ని పాత సామాన్లవాడి పాలు చేసేవాణ్ణి.

జరిగింది ఇదీ. మా ఇంట్లో డెస్క్‌టాప్‌కి 22 అంగుళాల మానిటర్ ఉంది. ప్రాజెక్ట్ కోడ్ ఒక పక్క, రిపోర్ట్ ఇంకో పక్క తెరిస్తే రెండూ సగం సగమే కనిపిస్తాయి. అటక మీద ఉన్న 17 అంగుళాల పాతది గుర్తొచ్చింది. నేను మూడో తరగతిలో ఉండగా నాన్న వాయిదాల మీద కొన్న కంప్యూటర్‌ది అది. దించి, దుమ్ము తుడిచి, హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే కన్వర్టర్ కొనుక్కొచ్చి తగిలించాను. 'నో సిగ్నల్'. కేబుల్ తీసి మళ్లీ పెట్టినా అంతే. "ఇది పోయింది నాన్నా, అమ్మేద్దాం" అని తీర్పు చెప్పేశాను. నాన్న ఏమీ అనలేదు. మానిటర్‌ని గడప పక్కన పెట్టి పాత తువ్వాలు కప్పారు.

డిప్లొమా చదివే మా చెల్లి వచ్చి, "అన్నయ్యా, దీన్ని ఒక్కదాన్నే పెట్టి చూశావా?" అంది. చూడలేదు! కొత్త మానిటర్ కేబుల్ పీకి, అదే పోర్టులో కన్వర్టర్ గుచ్చింది. బొమ్మ వచ్చేసింది. అంటే మానిటర్ బాగుంది, కేబుల్ బాగుంది, కన్వర్టర్ కూడా బాగుంది. తప్పు నేను గుచ్చిన చోట ఉంది.

మొదటి పాఠం: సీపీయూ వెనక్కి చూడండి

వెనకవైపు వీడియో పోర్టులు రెండు చోట్ల ఉండొచ్చు. యూఎస్‌బీ, ఇంటర్నెట్ కేబుల్ పెట్టే చోట ఉన్నవి మదర్‌బోర్డ్‌వి. వాటికి కిందుగా, విడిగా అడ్డంగా ఉన్నవి గ్రాఫిక్స్ కార్డ్‌వి. కార్డ్ ఉన్న చాలా సిస్టమ్స్‌లో మదర్‌బోర్డ్ పోర్టులు వాటంతటవే ఆగిపోయి ఉంటాయి. నేను పాతదాన్ని గుచ్చింది సరిగ్గా అక్కడే.

కాబట్టి వీలైనంత వరకు రెండు మానిటర్లూ కార్డ్‌కే పెట్టండి. కార్డ్‌లో పోర్టులు చాలకపోతే బయోస్‌లోకి వెళ్లి మదర్‌బోర్డ్ గ్రాఫిక్స్‌ని ఆన్ చేసే వీలుందేమో చూడండి. అయితే ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంటేనే అది పనిచేస్తుంది. ఇంటెల్ ఐ5-12400ఎఫ్ లాంటి వాటిలో, అంటే పేరు చివర 'ఎఫ్' ఉన్నవాటిలో, అది ఉండదు.

మా కార్డ్‌కి ఒక హెచ్‌డీఎంఐ, ఒక డిస్‌ప్లేపోర్ట్ ఉన్నాయి. పాతది కన్వర్టర్‌తో హెచ్‌డీఎంఐకి పెట్టాం. కొత్తదానికి డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే కేబుల్ కొన్నాం.

రెండో పాఠం: కన్వర్టర్‌కి దిక్కు ఉంటుంది

హెచ్‌డీఎంఐలో వెళ్లేది డిజిటల్ సిగ్నల్. 15 పిన్నుల వీజీఏలో వెళ్లేది అనలాగ్. ఒకదాన్ని ఇంకోదానిగా మార్చడానికి మధ్యలో చిప్ ఉండాలి, అది ఒక వైపుకే మారుస్తుంది. హెచ్‌డీఎంఐ సీపీయూకి, వీజీఏ మానిటర్‌కి కొన్నది తిరగేసి వాడితే పనిచేయదు. చాలావరకు డిస్‌ప్లేపోర్ట్–హెచ్‌డీఎంఐ కేబుల్ కూడా అంతే, డిస్‌ప్లేపోర్ట్ కొస సీపీయూ వైపే ఉండాలి. షాపులో "ఈ రెండూ కలిపేది ఇవ్వండి" అనకండి. "సీపీయూలో ఇది, మానిటర్‌లో అది" అని చెప్పండి.

మూడో పాఠం: చిన్న లెక్క

ఫుల్ హెచ్‌డీ అంటే 1920 × 1080, మొత్తం 20,73,600 పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కి 24 బిట్లు, సెకనుకి 60 ఫ్రేములు. గుణిస్తే సెకనుకి దాదాపు 300 కోట్ల బిట్లు. 4కే తెరకి దీనికి నాలుగింతలు, అంటే దాదాపు 1,200 కోట్లు. హెచ్‌డీఎంఐ 1.4 మొత్తం సామర్థ్యమే 1,020 కోట్ల బిట్లు. అందుకే ఆ పాత పోర్ట్‌కి 4కే మానిటర్ పెడితే 30 హెర్ట్జ్ దగ్గరే ఆగుతుంది, మౌస్ ఈడుస్తున్నట్టు అనిపిస్తుంది. తప్పు మానిటర్‌ది కాదు, దారి ఇరుకు.

నాలుగో పాఠం: ఇల్లు అలకగానే పండగ కాదు

కేబుళ్లు పెట్టాక విండోస్ కీ, పి కలిపి నొక్కండి. 'డూప్లికేట్' అంటే రెండింటిలో ఒకే బొమ్మ. మనకి కావాల్సింది 'ఎక్స్‌టెండ్'. తర్వాత సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే తెరవండి. 1, 2 అని రెండు పెట్టెలు కనిపిస్తాయి. 'ఐడెంటిఫై' నొక్కితే ఏ తెర ఏ నంబరో తెలుస్తుంది. బల్ల మీద మానిటర్లు ఎలా ఉన్నాయో ఆ పెట్టెల్నీ అలాగే లాగి పెట్టండి. లేకపోతే పక్క తెర ఎడమవైపు ఉంటే మౌస్ కుడివైపు దాటుతూ పిచ్చెక్కిస్తుంది. ఎక్కువగా చూసే తెరని ఎంచుకుని 'మేక్ దిస్ మై మెయిన్ డిస్‌ప్లే' టిక్ పెట్టండి.

మా పాతది 1280 × 1024. రెండు పెట్టెల పై అంచులు కలిపితే కింద 56 పిక్సెళ్ల తేడా మిగులుతుంది. అక్కడ మౌస్ గోడకి కొట్టుకున్నట్టు ఆగితే కంగారు పడకండి, కాస్త పైకి జరిపితే దాటుతుంది. విండోని ఒక తెర నుంచి ఇంకో తెరకి పంపాలంటే విండోస్, షిఫ్ట్, బాణం కీ కలిపి నొక్కితే చాలు.

మెడ, పరీక్ష

ఎక్కువ చూసే తెర ఎదురుగా, చేతి పొడవు దూరంలో, పై అంచు కంటి ఎత్తుకి ఉండాలి. రెండోది పక్కన, కాస్త మనవైపు తిప్పి. పాతది పొట్టిగా ఉందని దాని కింద రెండు లావుపాటి పుస్తకాలు పెట్టాను. వాటి పేర్లు చెప్తే మా సారు బాధపడతారు!

ఇంకో మాట. ప్లేస్‌మెంట్ ఆన్‌లైన్ టెస్టుల్లో చాలావాటికి రెండో మానిటర్ నిషేధం. తగిలించి ఉంటే కాపీ అనుమానం వచ్చే ప్రమాదం ఉంది. పరీక్షకి ముందే కేబుల్ పూర్తిగా తీసేయండి.

ఇప్పుడు ఈ వ్యాసం కొత్త తెర మీద టైప్ చేస్తున్నాను, పాతదాంట్లో నిఘంటువు తెరిచి ఉంది. ఏదైనా పనిచేయకపోతే ఒక్కో వస్తువునీ విడిగా పెట్టి చూడండి, 'పోయింది' అనే మాట ఆ తర్వాతే. నేను నేర్చుకున్నది అదే. ఆ రోజు బొమ్మ రాగానే నాన్న వచ్చి ఒక నిమిషం నిలబడి చూశారు. "రంగులు ఇంకా బాగానే ఉన్నాయిరా" అని, గడప పక్కనున్న తువ్వాలు మడతపెట్టి లోపలికి తీసుకెళ్లారు.