పాత బాయి పటమును అడుగు హక్కు

ప్రశ్న: మా కొడుకు గోదావరిఖనిల బొగ్గుబాయి పనికి పోతున్నడు. పక్కన ఎన్నడో మూసిన పాత బాయిల నీళ్లు నిండి ఉన్నయంటరు. ఆ పాత బాయి కాగితాలు మేము చూడొచ్చునా?

జవాబు: చూడవచ్చును. త్రవ్వి విడిచిన శూన్యము భూగర్భమున కంటికి కానరాదు గనుక, దాని హద్దులను, అందలి నీటిమట్టమును తెలుపునవి పటములును నమోదులునే. పాత పనుల నీరెంత భయంకరమో 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ ప్రాంతపు చాస్నాలా గనిలో 375 మందిని కోల్పోయి దేశము తెలిసికొన్నది. మీ గోదావరిఖనిలోనే 2003 జూన్ 16న 7 ఎల్‌ఈపీ గనిలోనికి నీరు పోటెత్తి 17 మంది అసువులు బాసిరి.

అందుచేతనే బొగ్గుగనుల నిబంధనలు, మూసిన గని పటమును యాజమాన్యము గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్‌కు సమర్పింపవలెననియు, నీరు లేదని పరీక్షించి తేల్చని పాత పనులకు 60 మీటర్ల లోపు వచ్చిన పనిని ఆ కార్యాలయపు లిఖితానుమతి లేక ముందుకు సాగింపరాదనియు విధించుచున్నవి. గనిలో పనిని పర్యవేక్షించు సర్దారు, ఓవర్‌మన్ షిఫ్టు ముగియగానే పుటసంఖ్యలు గల బైండు పుస్తకమున వ్రాసి సంతకము చేయు నివేదికలును ఈ నమోదులలోనివే.

తనిఖీలో దొరకిన సమాచారము గోప్యమని 2025 వరకు అమలులోనుండిన 1952 నాటి గనుల చట్టము 10వ సెక్షను చెప్పినను, ఆ గనిలోనో, ప్రక్క గనిలోనో పనిచేయువారి భద్రతకు అవసరమైనచో వెల్లడింపవచ్చునని అదియే మినహాయించినది. పైగా 2005 నాటి సమాచార హక్కు చట్టము 22వ సెక్షను ఇతర శాసనముల గోప్యతను త్రోసిరాజనుచున్నది. గోదావరిఖని గనులను నడుపు సింగరేణి సంస్థలో 51 శాతము రాష్ట్రమునది, 49 శాతము కేంద్రమునది గనుక ఆ సంస్థయు ఈ చట్టమునకు లోబడినదే.

దరఖాస్తులో ‘గని వివరములన్నియు’ అని వ్రాయక, ‘ఫలానా గనికి ఆనుకొనియున్న మూసిన గని పటము, అందలి తాజా నీటిమట్టపు నమోదు, 60 మీటర్ల నిబంధన క్రింద ఇచ్చిన అనుమతి ప్రతి’ అని విడివిడిగా కోరుడు. రుసుము 10 రూపాయలు; దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి అదియు లేదు. కార్యాలయమునకు పోయి రికార్డును స్వయముగా పరిశీలించుటకును హక్కు కలదు. జవాబునకు గడువు 30 దినములు. ప్రాణాపాయము ఆసన్నమని ఆధారముతో చూపగలిగినచో 48 గంటలు. వ్యాపార రహస్యమని నిరాకరించినచో, ప్రజాహితము మిన్న యని వాదించుచు 30 దినములలో మొదటి అప్పీలు, అటుపై 90 దినములలో సమాచార కమిషన్‌కు రెండవ అప్పీలు చేయుడు.

ప్రమాదానంతరము విచారణాధికారులు తిరుగవేయు పుటలనే ప్రమాదమునకు ముందు తిరుగవేయుటకు పౌరునికి ఈ మార్గము కలదు. దరఖాస్తు నకలును, రసీదును పదిలపరచుకొనుడు. అప్పీలునకు అవియే ఆధారము.