శనగలో ఇనుము: దేహానికి అందే భాగాన్ని కొలిచే విధానం

కడప జిల్లా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల నల్లరేగడి నేలలలో రబీ పంటగా సాగయ్యే శనగలో ఇనుము ఉన్నప్పటికీ, అందులో అధికభాగం ఫైటిక్ ఆమ్లంతో బంధితమై దేహానికి అందదు. కావున మొత్తం ఇనుమును మాత్రమే కొలిచి ఒక రకాన్ని శ్రేష్ఠమనడం తొందరపాటే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు నరసింగరావు, ప్రభావతి 1978లో ప్రకటించిన పద్ధతి ఇందుకు అనువైనది. ఆహార నమూనాను పెప్సిన్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాలతో పి.హెచ్. 1.35 వద్ద జీర్ణింపజేసి, పిదప పి.హెచ్.ను 7.5కు పెంచి వడపోస్తారు. ఆమ్లస్థితిలో కరిగిన ఇనుములో కొంత ఇక్కడ మళ్లీ అవక్షేపమవుతుంది. వడపోత ద్రవంలో మిగిలిన అయానిక ఇనుమే శోషణకు సూచిక.

శనగలను నానబెట్టి మొలకెత్తిస్తే ఫైటేజ్ ఎంజైము ఫైటిక్ ఆమ్లాన్ని కొంతమేర విచ్ఛిన్నం చేస్తుంది. పులివెందుల తోటల చీనీ కాయల రసంలోని విటమిన్ సి ఇనుము శోషణను పెంచుతుంది. అయితే దానిని భోజనంతోపాటే తీసుకోవాలి. భోజనం వెంటనే త్రాగే టీ ఇందుకు విరుద్ధంగా పనిచేస్తుంది.