నాలుగింటికే చీకటి పడే ఊళ్లకి

కాకినాడ,
అక్టోబరు 12

చి.ల.సౌ. బుజ్జికి,

నువ్వు పంపిన ఎక్సెల్ షీటు తెరిచి చూశాను. రంగులవీ వేసి ముచ్చటగా చేశావు. పారిస్‌కి గులాబీ రంగు, ఆమ్‌స్టర్‌డామ్‌కి పసుపు, ఆ తర్వాత బెర్లిన్, ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్. డిసెంబరు 22న దిగడం, జనవరి 1న విమానం ఎక్కడం. పది రాత్రులు, ఆరు ఊళ్లు. మీ బావకి చూపిస్తే కళ్లజోడు పైకి తోసుకుని, "ఇది హనీమూనా, ఎన్నికల ప్రచారమా?" అన్నారు. ఆయన మాట పట్టించుకోకు. నా మాట మాత్రం పట్టించుకో. ఆ షీటులో నాలుగు ఊళ్లు చెరిపెయ్.

ఫోన్లో చెబితే "సరే అక్కా, సరే అక్కా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను.

నువ్వు గంటగంటకీ లెక్క వేశావు గానీ, ఆ గంటల్లో వెలుగు ఎన్నిట్లో ఉంటుందో చూడలేదు. డిసెంబరు ఆఖర్న వియన్నాలో ఎనిమిదికి కాస్త ముందు తెల్లవారుతుంది, నాలుగు దాటగానే పొద్దుగుంకుతుంది. ప్రాగ్‌లోనూ అంతే. ఆమ్‌స్టర్‌డామ్‌లో అయితే పావు తక్కువ తొమ్మిదికి గానీ సూర్యుడు లేవడు. ఇది పుస్తకాల్లో చదివినప్పుడు ఏమీ అనిపించదు. నాలుగున్నరకి రోడ్డు మీద నిలబడి, ఎనిమిదైనట్టుందే అనుకుని గడియారం చూసుకున్నప్పుడు తెలుస్తుంది. మేము స్టుట్‌గార్ట్‌లో ఉన్న నాలుగేళ్లలోనూ నాకది అలవాటు కాలేదు. పైగా మనకీ వాళ్లకీ చలికాలంలో నాలుగున్నర గంటల తేడా. అక్కడ నాలుగున్నర అంటే ఇక్కడ రాత్రి తొమ్మిది. భోజనాలు ముగించి మీ అత్తయ్యగారూ, మన అమ్మా వీడియో కాల్ చేసే వేళ సరిగ్గా అదే. కాళ్లు గడ్డకట్టి, ఆకలేసి, దారి తప్పి మొగుడూపెళ్లాలు ఒకరి మొహం ఒకరు చూసుకోని సమయంలో "ఏం తిన్నారమ్మా?" అని ఫోను వస్తుంది. పొద్దున పదింటికి నువ్వే చేసెయ్. వాళ్లకి మధ్యాహ్నం రెండున్నర అవుతుంది, నీ గొంతూ బాగుంటుంది.

పగలు ఏం చూడాలో అందరూ రాసుకుంటారు. నువ్వు సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా ఎక్కడుంటారో రాసుకో. వెచ్చగా ఉండాలి, కూర్చోవడానికి చోటుండాలి, హోటలుకి పావుగంటలో చేరగలగాలి. ఆ నాలుగు గంటలు కుదిరితే మిగిలినవన్నీ ఎలా ఉన్నా పర్వాలేదు.

నాకు ఇది ఎలా తెలిసిందో చెప్తాను. ఇన్నాళ్లూ అమ్మకి కూడా చెప్పలేదు. మా పెళ్లైన రెండో ఏడు, డిసెంబరు 24 మధ్యాహ్నం ప్రాగ్‌లో దిగాం. క్రిస్మస్ అంటే 25 కదా, 24న ఊరంతా కళకళలాడుతుందనుకున్నాం. చెక్‌వాళ్లకి 24 సాయంత్రమే అసలు పండగ. ఇంటిల్లిపాదీ కూర్చుని వేయించిన కార్ప్ చేప, బంగాళాదుంప సలాడ్ తినే వేళ. అంతకు ముందు రోజుల్లో వీధి మూలల్లో తొట్లలో బతికున్న చేపలు పెట్టి అమ్ముతారు. మేం వెళ్లేసరికి తొట్లు కూడా ఎత్తేశారు. 24 మధ్యాహ్నం పన్నెండు తర్వాత పెద్ద దుకాణాలు మూసెయ్యాలని వాళ్లకి చట్టమే ఉంది. 25, 26 పూర్తి సెలవు. తెరిచిన రెండు మూడు రెస్టారెంట్లలో ఎప్పుడో బల్లలన్నీ బుక్ అయిపోయాయి.

చార్లెస్ వంతెన మీద మీ బావ ఫోను చచ్చిపోయింది. నలభై శాతం చార్జింగ్ చూపిస్తూనే చచ్చిపోయింది. చలికి బ్యాటరీలు అలాగే చేస్తాయట, లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోవాలట. ఆయన ఇంజనీరు, ఆ సంగతి ఆ తర్వాత చెప్పారు. మ్యాపంతా ఆ ఫోన్లోనే. 1357లో పునాది వేసిన వంతెన, అర కిలోమీటరు పొడవు, ముప్ఫై విగ్రహాలు, కింద నల్లగా వల్తావా నది. ఆ వంతెన మొదట్నుంచి చివరిదాకా దెబ్బలాడుకుంటూ నడిచాం. నేను "మీరు అన్నీ ఆఖరి నిమిషంలో..." అంటే, ఆయన "నీ లిస్టు, నీ లిస్టు" అని. మా వెనకాలే వస్తున్న ముసలి దంపతులు మమ్మల్ని దాటుకుని ముందుకెళ్లి, ఒకసారి వెనక్కి తిరిగి చూశారు. భాష రాకపోయినా సంగతి అర్థమైనట్టుంది.

ఆ రాత్రి అన్నం పెట్టింది ఒక వియత్నాం ఆవిడ. చెక్ దేశంలో వియత్నాం నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు చాలామంది. వీధి చివర చిన్న కిరాణా కొట్లు చాలావరకు వాళ్లవే. ఆ చట్టం చిన్న కొట్లకి వర్తించదు గనక పండగ రాత్రి కూడా తీసే ఉంటాయి. రెండు కప్పు నూడుల్సు, అరడజను అరటిపళ్లు, ఒక రొట్టె కొన్నాం. హోటలు గదిలో కెటిల్‌తో నీళ్లు కాచి, నేను తెచ్చుకున్న కందిపొడి ఆ నూడుల్సు మీద చల్లి తిన్నాం. రెండో కప్పు సగంలో ఉండగా మీ బావ నవ్వడం మొదలుపెట్టారు. నేను నవ్వలేదు. నాకు నవ్వొచ్చింది మర్నాడు పొద్దున.

అందుకని ఇరవై నాలుగో తారీకు సంగతి ముందే చూసుకో. వియన్నాలో కూడా ఆ రోజు రెండు గంటల ప్రాంతానికి దుకాణాలు మూస్తారు, మళ్లీ తెరిచేది 27న, అదీ ఆదివారం కాకపోతే. 23నే పాలు, రొట్టె, పళ్లు, పెరుగు కొనిపెట్టుకోండి. వంటగది ఉన్న చిన్న అపార్ట్‌మెంటు తీసుకుంటే ఇంకా మంచిది. నీళ్ల సీసాలు కొనొద్దు. వియన్నాలో కుళాయి నీళ్లే కొండల్లోని ఊటల నుంచి వస్తాయి, 1873 నుంచీ అలాగే. మన మిషను నీళ్ల కన్నా బాగుంటాయి.

ఇక ఊళ్లు. వియన్నాని ఉంచు. దానితో పాటు ప్రాగో, బుడాపెస్టో ఒక్కటి ఎంచుకో. ప్రాగ్‌కి రైల్లో నాలుగు గంటలు, బుడాపెస్ట్‌కి రెండు గంటల నలభై నిమిషాలు. టికెట్టుతో పాటు సీటు కూడా విడిగా రిజర్వు చేయించు. అక్కడ టికెట్టుంటే రైలెక్కొచ్చు గానీ, సీటు ఉన్నట్టు కాదు. పండగ రోజుల్లో తలుపు దగ్గర సూట్‌కేసు మీద కూర్చుని వెళ్లినవాళ్లం మేమే. ఎక్కువ రాత్రులు ఎక్కడుంటే ఆ దేశానికే వీసా దరఖాస్తు పెట్టాలి గనక, షీటు మార్చాకే ఫారం నింపు. ఇన్సూరెన్సు ముప్ఫై వేల యూరోలకి తగ్గకూడదు. అపాయింట్‌మెంటు సంగతి ఈ వారమే చూడు.

రెంటిలో ఏది అని అడుగుతావు. నాకు ప్రాగ్ మీద పాత కోపం ఉంది కాబట్టి నా తీర్పు నమ్మదగ్గది కాదు. నిజానికి క్రిస్మస్ సంతల కోసం వెళ్తుంటే ప్రాగే మేలు. జర్మనీలో సంతలు చాలావరకు 24కల్లా ఎత్తేస్తారు. ఎంతో పేరున్న న్యూరెంబర్గ్ సంత కూడా అంతే. వియన్నాలో రాట్‌హౌస్ అనే టౌన్‌హాలు ముందున్న పెద్ద సంత 26 దాకా ఉంటుంది. ప్రాగ్ పాత బజారులోది జనవరి 6 దాకా. నీ షీటులో 28న బెర్లిన్ సంత అని రాశావే, అక్కడ కొన్ని సంతలు అప్పటికీ ఉంటాయి గానీ, అన్నీ ఉండవు.

బుడాపెస్ట్‌లో మాత్రం ఒక సుఖం ఉంది. సెచెని స్నానశాల. 1913లో కట్టారు, పసుపు రంగు గోడల రాజభవనంలా ఉంటుంది. మధ్యలో ఆరుబయట వేడినీళ్ల కొలను. పైన సున్నా డిగ్రీలు, నీళ్లేమో ముప్ఫై ఎనిమిది. తలమీద మంచు కురుస్తుంటే మెడదాకా వేడినీళ్లలో ఉండటం ఎలా ఉంటుందంటే, మన ఇంట్లో భోగినాడు తలంటు పోసుకున్నాక దుప్పటి కప్పుకుని కూర్చున్నట్టుంటుంది. గట్టు మీద నుంచి నీళ్లలోకి దిగే ఆ పది అడుగులే నరకం. రబ్బరు చెప్పులు, తువ్వాలు మనవే పట్టుకెళ్లాలి. 24 సాయంత్రం మాత్రం ఆ ఊళ్లో ఉండకండి, ట్రాములు కూడా దాదాపుగా ఆగిపోతాయి.

వియన్నా గురించి అయితే ఎంతైనా రాస్తాను. ఆ ఊరు చీకటి సాయంత్రాలకి పుట్టింది. కాఫీ హౌసులో ఒక్క మెలాంజ్ కాఫీ చెప్పి మూడు గంటలు కూర్చున్నా ఎవ్వరూ లెమ్మనరు. వెండి పళ్లెంలో కాఫీతో పాటు గ్లాసు నీళ్లు పెడతారు, కర్రకి తగిలించిన పేపర్లుంటాయి. వెయిటర్లు నవ్వరు. కోపం వచ్చిందేమో అనుకోకు, అది వాళ్ల మర్యాద. మొదటి రోజు మేం బిల్లు కోసం ఇరవై నిమిషాలు ఎదురుచూశాం. అడిగేదాకా తీసుకురారు, తెస్తే పొమ్మన్నట్టట. నువ్వు పుస్తకం చదువుకో, మరిదిగారిని ఆయన పని చూసుకోనీ. మాట్లాడకుండా ఒకే బల్ల దగ్గర గంట కూర్చోగలిగితే మీ కాపురం సంగతి నాకు బెంగ లేదు.

పగలు ఒక్కపూట కున్‌స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియానికి వెళ్లండి. పేరు పలకలేకపోతే కేహెచ్‌ఎం అనండి చాలు. అన్నీ చూడొద్దు. బ్రూగెల్ గది అడుగు. 1565లో వేసిన 'మంచులో వేటగాళ్లు' అక్కడుంది. ముగ్గురు వేటగాళ్లు, కుక్కలు తలలు వేళ్లాడేసుకుని ఇంటికి వస్తుంటారు. వేటలో దొరికింది ఒక్క నక్క. కింద గడ్డకట్టిన చెరువుల మీద జనం ఆడుకుంటూ ఉంటారు. నేను దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. చలిలో తిరిగి తిరిగి వచ్చిన ఒంటికి ఆ బొమ్మ అర్థమైనట్టు, కాకినాడ ఉక్కలో పుస్తకంలో చూస్తే అర్థం కాదు. మీ బావ ఆ సమయంలో టెక్నికల్ మ్యూజియంలో ఉన్నారు. అది కూడా చెప్పాల్సిన మాటే. రోజుకి రెండు గంటలు విడిపోండి. కొత్తగా పెళ్లైన వాళ్లకి ఇది వినడానికి బాగోదు. కానీ మళ్లీ కలిసినప్పుడు చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

డిసెంబరు 31 రాత్రి వియన్నాలోనే ఉండండి. పన్నెండు కొట్టగానే సెయింట్ స్టీఫెన్ చర్చిలో పుమ్మెరిన్ అనే ఇరవై టన్నుల గంట మోగుతుంది. ఆ వెంటనే రేడియోలో, వీధుల్లో స్పీకర్లలో 'బ్లూ డాన్యూబ్' వాల్ట్జ్. చలికోట్లు వేసుకున్న వాళ్లు, బూట్లతో, రోడ్డు మీదే జంటలుగా తిరుగుతారు. డాన్సు రానివాళ్లే ఎక్కువ. మీ బావ నా కాలు మూడుసార్లు తొక్కారు. టపాకాయలు ఎడాపెడా పేలుస్తారు, దూరంగా నిలబడండి.

తిండి దగ్గర మరిదిగారికి ఇబ్బందే, గుడ్డు కూడా ముట్టరన్నావు. ప్రాగ్‌లో వేయించిన చీజ్ శాకాహారమని చూపిస్తారు, పై పూతలో గుడ్డుంటుంది. సూపుల్లో మాంసం ఉడికించిన నీళ్లుంటాయి, కూరగాయల సూపైనా సరే అడగాలి. బుడాపెస్ట్‌లో లాంగోష్ ఉంది, పళ్లెమంత పూరీ మీద వెల్లుల్లి నీళ్లు చల్లి, మీగడ, చీజ్ వేస్తారు. వియన్నా వీధుల్లో బొగ్గుల మీద కాల్చిన చెస్ట్‌నట్లు, బంగాళాదుంప ముక్కలు పొట్లం కట్టి ఇస్తారు. తినడానికీ, చేతులు కాచుకోవడానికీ రెంటికీ పనికొస్తాయి. సంతలో వేడివేడి వైను ఇచ్చే కప్పుకి డిపాజిట్ పడుతుంది, తిరిగిస్తే డబ్బులిస్తారు. ఆయన తాగరు కాబట్టి కిండర్‌పున్ష్ అడగండి, పిల్లలకి ఇచ్చేది. పొడులు, పచ్చళ్లు బాగా కట్టుకెళ్లు. అమ్మ నెయ్యి సీసా, పాలకోవా పెడతానంటుంది, పెట్టనివ్వకు. పాలతో చేసినవీ, మాంసంతో చేసినవీ బయటి దేశాల నుంచి అక్కడికి రానివ్వరు.

బట్టల గురించి ఒక్కటే. లావుపాటి స్వెటరు ఒక్కటి కాదు, పల్చటివి మూడు. లోపల హీటర్లు మండుతుంటాయి, బయట వణుకు. రోజుకి పదిసార్లు విప్పడం తొడగడం. బూట్లకి మాత్రం డబ్బు చూసుకోవద్దు. ప్రాగ్‌లోనైనా బుడాపెస్ట్‌లోనైనా యూరోలు నడవవు, కొరునాలు, ఫోరింట్లు. కార్డు గీసినప్పుడు "రూపాయల్లో కట్టమంటారా?" అని మిషను అడుగుతుంది. వద్దను.

సంక్రాంతికి కొత్త అల్లుడు వస్తున్నాడని అమ్మ ఇప్పట్నుంచే అరిసెలకి బియ్యం ఎంచుతోంది. జలుబు చేసుకుని రాకండి.

నా నీలం కోటు ఈ వారం పార్సిల్ చేస్తున్నాను. నీకు కాస్త వదులవుతుంది, లోపల రెండు స్వెటర్లు పడతాయి, మంచిదే. కుడి జేబు అడుగున చిరుగుంది, అందులో చిల్లర వెయ్యకు, లైనింగ్‌లోకి జారిపోతుంది. రెండు మూడు కొరునాలు ఇప్పటికే ఎక్కడో ఉన్నాయి. నడుస్తుంటే వినబడతాయి.

మీ అక్క