సైకిల్ మీద ఎంత ఖర్చు పెట్టాలి? పాచిపెంట ఘాట్ రోడ్డు చెప్పిన లెక్క

ఫ్రెండ్స్, ఇక్కడ మనం ఎప్పుడూ ఫోన్లు, వాచ్‌ల గురించే మాట్లాడుకుంటాం కదా. ఈసారి రెండు చక్రాల గ్యాడ్జెట్ గురించి చూద్దాం. కారణం మా పిన్ని కొడుకు. వాడిది పాచిపెంట. కొత్తగా ఉద్యోగం, నెలకి 16 వేలు జీతం. మొన్న ఫోన్ చేసి, "అన్నయ్యా, 85 వేల రోడ్ బైక్ చూశాను, 12 నెలల ఈఎంఐ ఉంది, తీసేసుకోమంటావా?" అన్నాడు. నెలకి 7 వేల పైమాటే, అంటే జీతంలో దాదాపు సగం. వాడి కోరిక ఒక్కటే: సుంకి ఘాట్ ఎక్కి కోరాపుట్ దాకా తొక్కాలి.

వద్దు అనడం తేలిక. కానీ ఎందుకు వద్దో లెక్క చూపించకపోతే వాడు వినడు. నేనూ ఒకప్పుడు వినలేదు.

ముందు మార్కెట్ చూద్దాం

పిండి కొద్దీ రొట్టె అంటారు. సైకిళ్ళలో అది కొంతవరకే నిజం. మన దగ్గర ధరలు సుమారుగా ఇలా ఉంటాయి:

- గేర్లు లేని మామూలు సైకిల్: 6 నుంచి 9 వేలు
- గేర్ల ఎంటీబీ: 15 నుంచి 25 వేలు
- హైబ్రిడ్: 25 నుంచి 45 వేలు
- మొదటి స్థాయి రోడ్ బైక్: 50 నుంచి 90 వేలు
- షిమానో 105 ఉన్న రోడ్ బైక్: లక్ష దాటి 2 లక్షల వరకు, కార్బన్ అయితే ఇంకా ఎక్కువ
- ప్రొఫెషనల్ రేసర్లు వాడే టాప్ మోడళ్ళు: 10 లక్షలు కూడా దాటతాయి

ఫోన్‌కి చిప్‌సెట్ ఎలాగో సైకిల్‌కి గ్రూప్‌సెట్ అలాగ. గేర్లు, బ్రేకులు, చైన్, క్రాంక్ అన్నీ కలిపి ఒక సెట్. షిమానో రోడ్ సిరీస్‌లో కింద నుంచి పైకి క్లారిస్, సోరా, టియాగ్రా, 105, అల్టెగ్రా, డ్యూరా-ఏస్. పైకి వెళ్ళేకొద్దీ బరువు తగ్గుతుంది, గేర్ మెత్తగా మారుతుంది, 2022 నుంచి 105 లోనే ఎలక్ట్రానిక్ గేర్లు కూడా వచ్చాయి. కానీ 15 వేల ఫోన్‌కీ 30 వేల ఫోన్‌కీ కనిపించే తేడా, 90 వేల ఫోన్‌కీ లక్షా 20 వేల ఫోన్‌కీ కనిపించదు కదా? ఇక్కడా అంతే.

బరువు లెక్క

సైక్లింగ్‌లో డబ్బంతా ఎక్కువగా పోయేది బరువు తగ్గించడానికే. రేసు సైకిల్ 6.8 కిలోలకి తగ్గకూడదని యూసీఐ 2000లో రూల్ పెట్టింది. దాన్ని అందుకోవడానికే లక్షలు పోస్తారు.

మన లెక్క చూద్దాం. నా బరువు 68 కిలోలు, నీళ్ళు, బ్యాగ్ 4, ఎంటీబీ 14. మొత్తం 86. నేను 9 కిలోల కార్బన్ బైక్‌కి మారితే మొత్తం 81 అవుతుంది. సైకిల్ బరువు మూడో వంతుకి పైగా తగ్గినట్టే కనిపిస్తుంది, కానీ ఘాట్ ఎక్కించాల్సిన మొత్తం బరువులో తగ్గింది 6 శాతం లోపే. గంట పట్టే ఎక్కుడు మూడు, మూడున్నర నిమిషాలు ముందు అయిపోతుంది. ఆ నిమిషాల కోసం లక్షన్నర. రేసులో ఉన్నవాడికి అది గెలుపు. మనకి పైన టీ కొట్టు దగ్గర మూడు నిమిషాలు ఎక్కువ కూర్చోవడం.

గేర్ లెక్క: అసలు సంగతి ఇదే

పాచిపెంట మీదుగా పి.కోనవలస దాటి సుంకి వైపు వెళ్ళేది 26వ నంబరు జాతీయ రహదారి. ఒకప్పుడు ఇది రాయపూర్-విజయనగరం 43వ నంబరు రోడ్డు. సాలూరు దగ్గర చదునుగా ఉందని మురిసిపోతే, ముందుంది ముసళ్ళ పండగ. కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది మరి.

వాలు 6 శాతం అనుకుందాం. అంటే 100 మీటర్లకి 6 మీటర్లు ఎక్కాలి. పెడల్ నిమిషానికి 60 సార్లు తిప్పుతున్నాం అనుకుందాం. గురుత్వాకర్షణకి ఎదురు వెళ్ళడానికే ఎంత శక్తి కావాలో చూడండి:

- గేర్లు లేని సైకిల్ (ముందు 44 పళ్ళు, వెనక 18): ఒక్క చుట్టుకి 5.4 మీటర్లు వెళ్తుంది. 20 కిలోల సైకిల్‌తో 290 వాట్లు కావాలి.
- రేసు గేరింగ్ ఉన్న 8 కిలోల రోడ్ బైక్ (అతి తేలిక గేర్ 36/28): చుట్టుకి 2.7 మీటర్లు. సుమారు 127 వాట్లు.
- 14 కిలోల మామూలు ఎంటీబీ (24/28): చుట్టుకి 1.76 మీటర్లు. సుమారు 89 వాట్లు.

పెద్దగా ప్రాక్టీస్ లేని మనలాంటివాళ్ళు గంటసేపు ఆగకుండా ఇవ్వగలిగేది 100, మహా అయితే 150 వాట్లు. ఇప్పుడు మళ్ళీ చూడండి. 18 వేల ఎంటీబీతో గంటకి 6 కిలోమీటర్ల వేగంతో, మాట్లాడుకుంటూ ఎక్కొచ్చు. లక్షల బైక్ ఉన్నవాడు త్వరగా ఎక్కుతాడు, నిజమే. కానీ కాళ్ళలో సత్తువ లేకపోతే వాడు దిగి నెట్టుకోవాల్సిందే. కొనేముందు షాపులో అడగాల్సిన మొదటి ప్రశ్న కార్బనా, అల్యూమినియమా అని కాదు. "ముందు చిన్న చక్రానికి ఎన్ని పళ్ళు, వెనక పెద్ద చక్రానికి ఎన్ని పళ్ళు?" అని.

నా బిల్లు

నేను మూడేళ్ళలో పెట్టింది దాచకుండా చెప్తున్నా. సైకిల్ 21,000. హెల్మెట్ 1,800. లైట్లు 1,400. పంపు, పంక్చర్ కిట్, ట్యూబులు 1,600. ప్యాడెడ్ షార్ట్స్, జెర్సీ 3,200. జీపీఎస్ కంప్యూటర్ 9,000. క్లిప్‌లెస్ పెడల్స్, వాటి షూస్ 11,500. తేలికైన సీట్‌పోస్ట్, హ్యాండిల్ బార్ 6,500. టైర్లు 2,800. బ్రేక్ ప్యాడ్లు, కేబుళ్ళు, చైన్ 1,700. మొత్తం 60,500. సైకిల్ కన్నా దాని చుట్టూ పెట్టిందే దాదాపు రెట్టింపు.

ఇందులో చివరి 1,700 ఎప్పుడు పెట్టానో చెప్పాలి. ఒక ఆదివారం సుంకి నుంచి కిందకి దిగుతున్నా. ముందు లోడ్ లారీ, వెనక ఇంకోటి. మలుపులో బ్రేక్ లివర్ లాగితే హ్యాండిల్‌కి తగిలేసింది, బండి ఆగలేదు. కొండవైపు కాలవలోకి తిప్పేశాను. మోచెయ్యి చీరుకుపోయింది, అంతే. అటు కాకుండా లోయవైపు తిప్పి ఉంటే ఇది రాసేవాడిని కాదు. ఇంటికొచ్చి చూస్తే ప్యాడ్లు అరిగి ఇనుము బయటికొచ్చింది. హ్యాండిల్ మీద 9 వేల కంప్యూటర్ మాత్రం నా స్పీడ్ పాయింట్ తర్వాత ఒక అంకెతో సహా చూపిస్తోంది.

86 కిలోలు 400 మీటర్ల ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 337 కిలోజౌళ్ళు. లీటరు నీళ్ళని మరిగించడానికి చాలు. కొంత గాలికి పోతుంది, మిగతాదంతా బ్రేకులే వేడిగా మింగాలి. అంత పని చేసే ప్యాడ్ ధర 150 నుంచి 400 రూపాయలు. అందుకే ఎవరూ దాని మీద రివ్యూ చెయ్యరు.

ఇది ఖరీదైన సైకిళ్ళ సంగతే కాదు. 'బడికొస్తా' పథకంలో హైస్కూలు ఆడపిల్లలకి ప్రభుత్వం సైకిళ్ళిచ్చింది. మీ ఇంట్లో అలాంటిది ఉంటే ఈరోజే దాని బ్రేక్ రబ్బర్లు చూడండి.

డబ్బు ఏ వరసలో పెట్టాలి?

1. మీ ఎత్తుకి సరిపోయే ఫ్రేమ్ సైజు. ఇది తప్పితే ఎంత ఖరీదైనా మోకాలి నొప్పే.
2. మీ రోడ్డుకి తగిన గేర్లు.
3. బ్రేకులు, టైర్లు.
4. హెల్మెట్, వెనక ఎర్ర లైటు, పంక్చర్ కిట్.
5. ప్యాడెడ్ షార్ట్స్.
6. ఆ తర్వాతే గ్యాడ్జెట్లు. మొదటి ఏడాది జేబులో ఫోన్, స్ట్రావా యాప్ చాలు. స్క్రీన్ ఆఫ్ చేసి రికార్డ్ చేస్తే బ్యాటరీ బాగానే ఆగుతుంది.
7. బరువు తగ్గించడం అన్నిటికన్నా చివర.

రాండన్నర్ల 200 కి.మీ. బ్రెవేకి టైమ్ 13 గంటల 30 నిమిషాలు. ఆగిన టైమ్ కలిపి గంటకి 15 కి.మీ. సగటు కూడా అక్కర్లేదు. హైబ్రిడ్ మీద హాయిగా అవుతుంది. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ళ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత రేటు చెప్తే ఒప్పుకోకండి.

నా వెర్డిక్ట్

మా తమ్ముడికి చెప్పిన బడ్జెట్ 25 వేలు: డిస్క్ బ్రేకుల ఎంటీబీ 19 వేలు, హెల్మెట్, లైట్లు, కిట్ 4,500, విడి ప్యాడ్లకీ కేబుళ్ళకీ 1,500. ఈఎంఐ లేదు, మూడు నెలలు ఆగి కొనాలి. ఏడాది పాటు నెలకి కనీసం నాలుగు రైడ్లు చేస్తే, అప్పుడు రోడ్ బైక్ గురించి మాట్లాడదాం అన్నాను. వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "సరే అన్నయ్యా, కానీ మొదటిసారి ఘాట్ ఎక్కేటప్పుడు నువ్వూ రావాలి" అన్నాడు.

వస్తాను. దిగేముందు రెండు సైకిళ్ళ ప్యాడ్లూ నేనే చూస్తాను.